ఎర్రగీత పడని కాగితం

ఆ ఆసుపత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ ఆమె గంటక్కే. హాజరు పట్టీలో పేరు చూసి "ఈవిడెవరు, ఎప్పుడూ కనబడదే?" అని కొత్తగా చేరినవాళ్లు అడిగిన రోజులున్నాయి.

ఆ పేరు పనిముట్టు తెచ్చిపెట్టింది. రక్తంలో ఏ రకం తెల్లకణాలు ఎన్నున్నాయో లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. మైక్రోస్కోపుకు ఎడమవైపు అరచేతంత ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది. దానికి అయిదు మీటలు, ఒక్కో రకం కణానికి ఒకటి. కన్ను గాజుపలక మీద, వేళ్లు మీటల మీద. వంద కణాలు పూర్తికాగానే డబ్బాలో చిన్న గంట టింగుమంటుంది. పొద్దున ఎనిమిదింటికి మొదలైతే మధ్యాహ్నం దాకా ఆ గదిలోంచి గంటలు వినపడుతూనే ఉండేవి. పక్క గదిలో రిపోర్టులు రాసే గుమాస్తా, "ఆవిడ ముందు తల దువ్వుకోకండర్రా, ఎన్ని వెంట్రుకలు రాలాయో లెక్క చెప్పేస్తుంది" అనేవాడు.

ఇరవై రెండేళ్ల వయసులో ఆమె ఆ స్టూలు ఎక్కింది. పని నేర్పిన ముసలాయన రెండే మాటలు చెప్పాడు. కణాన్ని చూసి ఆలోచించకు, ఆలోచన వచ్చేలోపు వేలు పడిపోవాలి. రెండోది, పలక మీద నంబరు చూడు, పేరు చూడకు. పేరు చూస్తే మనిషి కనబడతాడు, మనిషి కనబడితే చెయ్యి వణుకుతుంది. ముప్పై మూడేళ్లలో ఆమె ఈ రెండో మాటను రెండుసార్లు తప్పింది.

ఆమె లెక్క తేల్చాక అంకెలు గుమాస్తా దగ్గరికి వెళ్లేవి. ఆయన్ని అందరూ ఎర్రపెన్ను అంటారు. రిపోర్టు కాగితం మీద ఒక్కో కణం పేరు పక్కన ఎంత ఉంటే మామూలో అచ్చువేసి ఉంటుంది. అంతకు మించినా తగ్గినా ఆయన ఆ అంకె కింద ఎర్రగీత గీస్తాడు. లింఫోసైట్లనే గుండ్రటి కణాల పక్కన ఇరవై నుంచి నలభై అని ఉంటుంది, అంటే వందలో అన్ని. ఆ కాగితం ఎప్పుడు ఎవరు అచ్చువేయించారో ఎవరికీ తెలియదు. నిల్వ అయిపోతే పాతది చూపించి కొత్తవి వేయించేవారు.

పసిపిల్లల రిపోర్టుల మీద మాత్రం ఎర్రపెన్ను తెగ గీసేవాడు. వాళ్లకు లింఫోసైట్లు వందలో అరవై, ఒక్కోసారి డెబ్భై ఉంటాయి. తల్లులు ఆ ఎర్రగీత చూసి బెంబేలెత్తి పరుగున వస్తే, "పిల్లలకు ఎక్కువే ఉంటాయమ్మా, కంగారు పడకండి" అని పంపేవారు. డాక్టర్లకు ఆ సంగతి తెలుసు. గుమాస్తాకూ తెలుసు. గంటక్కకైతే కళ్లకన్నా వేళ్లకు ఎక్కువ తెలుసు. పసిపిల్లల పలకలు వరసగా వస్తే ఉంగరపువేలు నొప్పి పుట్టేది, లింఫోసైట్ల మీట ఆ వేలిదే. పిల్లలకు ఎక్కువుండడం మామూలే అన్నారు అందరూ. మరి ఆ కాగితం ప్రకారం మామూలుగా ఉన్న పసివాడి సంగతేమిటని ఒక్కరూ అడగలేదు.

ఆమెకు మొదట కూతురు పుట్టింది. మూడేళ్లకు కొడుకు. నాలుగో నెలలో వాడికి దగ్గు పట్టుకుంది. నోట్లో తెల్లటి పొర, ఎంత తుడిచినా పోదు. విరేచనాలు. అప్పుడు ఈ ఆసుపత్రిలోనే రక్తం తీశారు. తన వంతు కాకపోయినా ఆ పలక ఆమే అడిగి తీసుకుంది. నంబరు కాకుండా పేరు చూసి లెక్కపెట్టడం అదే మొదటిసారి. గంట మోగేసరికి లింఫోసైట్లు ఇరవై రెండు. రిపోర్టు మీద ఒక్క ఎర్రగీత కూడా పడలేదు. "అంతా శుభ్రంగా ఉందక్కా, టీ పోయించాల్సిందే" అన్నాడు, అప్పటికి కుర్రవాడైన ఎర్రపెన్ను. ఆమె హమ్మయ్య అనుకుని నిజంగానే అందరికీ టీ పోయించింది.

వాడు మరో ఆరు వారాలు బతికాడు. నిమ్ము చేసి పోయాడన్నారు. ఆమె తల్లి వచ్చి తల నిమురుతూ, "మనింట్లో మగపిల్లలు నిలవరే" అంది. తల్లికీ ఇద్దరు మగపిల్లలు ఏడాది నిండకుండానే పోయారు. ఆ మాట విన్న రోజు గంటక్కకు అది కాస్త ఊరటగా అనిపించింది, తప్పు ఎవరిదీ కాదన్నట్టు. ఆ తరవాత ఇంట్లో ఆ సంగతి ఎత్తలేదు. కూతురికి తమ్ముడొకడు ఉండి పోయాడని తెలుసు. అంతకు మించి తెలియదు.

కూతురు పెరిగి హైస్కూల్లో సైన్సు టీచరయింది. లేతు మిషను మీద పనిచేసే అబ్బాయిని పెళ్లి చేసుకుంది. వాళ్లకు నాలుగేళ్ల కూతురు, ఇంట్లో పెద్దది అంటారు. నోరు తెరిస్తే మూయదు. గంటక్క భర్త పోయాక వాళ్లంతా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆ తరవాత బుడ్డోడు పుట్టాడు. మగపిల్లవాడని తెలిసిన క్షణంలో గంటక్క కాన్పు గది బయట బెంచీ మీద కూర్చుండిపోయింది. "ఏంటత్తయ్యా, మనవడు పుడితే అలా నీరసపడిపోయారు?" అన్నాడు అల్లుడు నవ్వుతూ. "ఆనందంరా నాయనా, కాళ్లు పట్టేశాయి" అంది. చెప్పాలనుకుంది. అతని ముఖం చూసి నోరు రాలేదు.

పుట్టినప్పుడు బరువు తక్కువని బుడ్డోడికి క్షయ రాకుండా వేసే టీకా ఆరో వారానికి వాయిదా వేశారు. ఆరో వారం టీకాలరోజున కూతురు వాణ్ని ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చింది. కాస్త దగ్గు ఉందని పిల్లల డాక్టరు, "ఎందుకైనా మంచిది, ఒక చుక్క రక్తం చూసి వేద్దాం" అంది. ఆ రోజు అలా చిన్నపాటి దగ్గులు, జ్వరాలు ఉన్న పిల్లలు మొత్తం ఆరుగురు. ఆరు గాజుపలకలు గంటక్క బల్ల మీదికి వచ్చాయి.

నంబర్లే ఉన్నాయి. కానీ నాలుగో నంబరు ఎవరిదో ఆమెకు తెలుసు, చీటీ అంటించిన చెయ్యి ఆమెదే. దాన్నే ముందు తీసింది. వేళ్లు వాటంతటవి పరుగెత్తాయి. గంట మోగింది. లింఫోసైట్లు ఇరవై ఒకటి.

"హమ్మయ్య" అంది పైకే.

ఆ మాట గదిలో వినపడ్డాక ఆమె వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. అదే మాట, అదే గది, అదే స్టూలు. ఇరవై రెండుకీ ఇరవై ఒకటికీ ఎంతో దూరం లేదు. ఎడమచెయ్యి ఎత్తి చూసుకుంది. ఆరు వారాల పిల్లవాడి పలక చూశాక కూడా ఉంగరపువేలు అలసిపోలేదు. అలసింది వేరే రకం కణాల మీటను నొక్కే చూపుడువేలు. అలా ఉండేది పెద్దవాళ్ల రక్తం చూసినప్పుడు.

మళ్లీ లెక్కపెట్టింది, ఈసారి రెండు వందలు. నలభై రెండు. తేడా లేదు. పలకలో ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్లి వెతికింది. ముదురు ఊదారంగు గింజలాంటి ఆ కణం కోసం అంతలా వెతకాల్సి రావడమే ఆమెకు సమాధానం చెప్పింది.

అప్పుడామెకు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలనిపించింది. వెళ్లి ఏం చెబుతుంది? నా వేలు నొప్పి పుట్టలేదండీ అనా? కాగితం మామూలే అంటోంది. ఆవిడ డాక్టరు, తను లెక్కపెట్టే మనిషి. గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. టీకాల గది ముందు కూతురి చేతిలో ఉన్న చీటీ పదిహేడో నంబరు. ఇంకా మహా అయితే అరగంట.

గంటక్క మిగతా అయిదు పలకలు ముందుకు లాక్కుంది. జీవితంలో అంత వేగంగా ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అయిదుసార్లు గంట మోగింది. అరవై నాలుగు. యాభై ఎనిమిది. అరవై ఏడు. అరవై ఒకటి. యాభై అయిదు.

ఎర్రపెన్ను గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఏంటక్కా, గుర్రప్పందేలా?"

"ఈ ఆరూ రాసి ఇప్పుడే ఇవ్వు. గీతలు గియ్యి, ఒక్కటీ మర్చిపోకు."

ఆయన రాశాడు. అయిదింటి మీద ఎర్రగీత గీశాడు. మిగిలినదాన్ని చూసి ముఖం వెలిగింది. "మన బుడ్డోడు బంగారంలా ఉన్నాడక్కా. వీడొక్కడికే గీత లేదు."

"అదేనయ్యా" అంది ఆమె. "వీడొక్కడికే లేదు."

ఎర్రపెన్నుకు అర్థం కాలేదు. ఆమె కాగితాలు లాక్కుని అప్పటికే వరండాలో ఉంది.

టీకాల గదిలో నర్సు సిరంజి సిద్ధం చేస్తోంది. కుర్చీలో కూతురు, ఒళ్లో బుడ్డోడు. వాడి ఎడమచెయ్యి బయటికి తీసి ఉంది. "చూశావా బంగారం, నువ్వు ఏడుస్తావని అమ్మమ్మ ముందే పరుగెత్తుకొచ్చేసింది" అంది నర్సు.

"ఆగు" అంది గంటక్క. "ఆ టీకా వెయ్యకు."

నర్సు చెయ్యి గాల్లో ఆగింది. కూతురు ముందు నవ్వింది, తరవాత చుట్టూ చూసింది. గుమ్మం దగ్గర వరసలో ఉన్న తల్లులంతా ఇటే చూస్తున్నారు.

"అమ్మా, ఏం మాటలివి? ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసి నువ్వే టీకా వద్దంటే ఎలా? మా స్కూలుకొచ్చే తల్లులకి నేనేం మొహం పెట్టుకుని చెప్పను?"

"అందరికీ వద్దనట్లేదు తల్లీ. వీడికి. ఇవాళ. డాక్టరుగారు చూసేదాకా."

"రిపోర్టు బాగోలేదా?"

"బాగుంది. అదే భయం."

"నీకేమైనా మతిపోయిందా అమ్మా?" అని కూతురు పిల్లవాణ్ని గుండెకు హత్తుకుంది. నర్సు మాత్రం సిరంజి పళ్లెంలో పెట్టేసింది. గంటక్క ముఖం అలా ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

పిల్లల డాక్టరు పక్క గదిలోంచి వచ్చింది. వయసులో చిన్నది, చేరి రెండేళ్లే. గంటక్క ఏమీ వివరించలేదు. ఆరు కాగితాలు బల్ల మీద వరసగా పరిచి, ఒక్కోదాని మీద వేలు పెట్టింది. "వీళ్లంతా ఇంచుమించు ఒకే వయసువాళ్లండీ. నాలుగోవాడు మా మనవడు."

డాక్టరు వరస చూసింది. మళ్లీ మొదటినుంచి చూసింది. నాలుగో కాగితం తీసి, మొత్తం తెల్లకణాల సంఖ్య చూసి, జేబులోంచి పెన్ను తీసి అంచున గుణించింది. అయిదువేల నాలుగువందల్లో వందకు ఇరవై ఒకటి. పదకొండు వందల పైచిలుకు. "ఈ వయసులో దీనికి మూడింతలైనా ఉండాలి" అంది నెమ్మదిగా. తరవాత బుడ్డోడి నోట్లో టార్చి వేసి చూసింది. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పొర.

"ఇది పాలు కాదా అండీ?" అంది కూతురు.

డాక్టరు టార్చి ఆర్పేసింది. గంటక్క వైపు తిరిగింది. "మీ ఇంట్లో మగపిల్లలు ఎవరైనా పసితనంలో పోయారా అక్కా?"

"మా అమ్మకు ఇద్దరు. నాకు ఒకడు."

కూతురు తలెత్తి తల్లిని చూసింది. అమ్మమ్మకూ ఇద్దరు పోయారన్న సంగతి ఆమె వినడం అదే మొదటిసారి.

"ఈ టీకాలో ఉండేవి బలం తగ్గించిన బతికున్న క్రిములు" అంది డాక్టరు కూతురి పక్కన కూర్చుని. "మామూలు పిల్లల ఒంట్లో వాటిని అదుపులో పెట్టే కణాలుంటాయి, కాబట్టి మేలే చేస్తాయి. మీవాడికి ఆ కణాలున్నాయో లేదో తేలాలి. ఉన్నాయని తేలితే వచ్చే వారం నా చేత్తో నేనే వేస్తాను. లేవని తేలితే, ఇవాళ వెయ్యకపోవడం వల్ల మనకు దారి మిగులుతుంది."

రక్తం నగరంలోని పెద్ద ల్యాబుకు వెళ్లింది. అక్కడ కణాలకు రంగులంటించి, కాంతిలోంచి పంపి, ఏవి ఏ జాతివో విడదీస్తారు. ఫలితం నాలుగు రోజులకు వచ్చింది. టి కణాలు, అంటే క్రిములను అదుపులో పెట్టే ఆ కణాలు, దాదాపు లేవు.

డాక్టరు కాగితం తిరగేసి చెబుతుంటే అల్లుడు నిలబడే విన్నాడు. ఆ కణాలు పెరగాలంటే వాటికొక సంకేతం అందాలి. ఆ సంకేతాన్ని పట్టుకునే భాగం కణం పైపొరలో ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో తేడా ఉంటే సంకేతం వస్తూనే ఉంటుంది, పట్టుకునేది ఉండదు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. అంతవరకు రాగానే కూతురు చెయ్యెత్తి ఆపింది. మిగతాది ఆమెకు చెప్పనక్కర్లేదు. ఆడపిల్లకు రెండు ఎక్స్‌లు, ఒకటి చెడినా రెండోది నెట్టుకొస్తుంది. మగపిల్లవాడికి ఒకటే, అదీ తల్లి ఇచ్చింది. ఏటా తొమ్మిదో తరగతికి బోర్డు మీద ఆ బొమ్మ గీసి పాఠం చెప్పే మనిషి ఆమె. అమ్మమ్మ, అమ్మ, తను. బొమ్మలో ఆడవాళ్లకు గుండ్రాలు, వాటి కింద మగపిల్లలకు చదరాలు, పోయినవాళ్ల చదరాల మీద కొట్టివేతలు.

ఆ సాయంత్రం వంటింట్లో పాలసీసాలు మరుగుతున్నాయి. ఇంటికి ఎవరూ రాకూడదు, వచ్చినవాళ్లు చేతులు కడగాలి, పెద్దదాన్ని బడికి పంపకూడదు. కూతురు పొయ్యి ముందు నిలబడి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"తమ్ముడికి రక్తపరీక్ష చేశారా అప్పట్లో?"

"చేశారు."

"ఎవరు చూశారు?"

గంటక్క చేతిలోని గిన్నె గట్టు మీద పెట్టింది. "నేనే."

"ఎంత?"

"ఇరవై రెండు."

కూతురు పట్టకారుతో ఒక్కో సీసా తీసి గుడ్డ మీద బోర్లించింది. అరుస్తుందేమోనని గంటక్క ఎదురుచూసింది. అరిస్తే బాగుండుననిపించింది.

"నువ్వు లెక్క తప్పావని నేను అనట్లేదమ్మా" అంది కూతురు చివరికి. "ఆ కాగితం అలా ఉంటే నువ్వేం చేస్తావు? ముగ్గురు పోయారు. ముగ్గురూ మగపిల్లలే. అలాంటి ఇంట్లో నన్ను సైన్సు చదివించావు. పదహారేళ్లు చదివించావు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నోరు విప్పి చెప్పుంటే నాకు తెలిసేది కదా. బుడ్డోడు కడుపులో ఉన్నప్పుడే తెలిసేది కదా."

"చెబితే మళ్లీ జరుగుతుందేమోనని భయమేసింది."

"చెప్పకపోతే జరగలేదా?"

కూతురు చేతులు సబ్బుతో రెండోసారి కడుక్కుని పిల్లవాడి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ తరవాత చాలా రోజులు ఇద్దరి మధ్య అవసరమైన మాటలే నడిచాయి. సీసాలయ్యాయా, మందు ఎన్నింటికి, తలుపు వెయ్యి.

వైద్యం ఒకటే ఉందన్నారు. ఇంకొకరి ఎముకలోని మూలుగ వీడికి ఎక్కించాలి. సరిపడేవాళ్లు దొరకాలి. తోడబుట్టినవాళ్లకు నాలుగింట ఒక వంతు అవకాశం. పెద్దదాని రక్తం తీసి చూశారు. అచ్చంగా సరిపోయింది. ఆ వార్త విన్నరోజు అల్లుడు మొదటిసారి బాహాటంగా ఏడ్చాడు.

పెద్దదానికి ఎలా చెప్పాలా అని అందరూ తర్జనభర్జన పడుతుంటే అది వచ్చి తండ్రి ఒళ్లో కూర్చుంది. "నాది తమ్ముడికి ఎక్కిస్తే వాడు నాలాగా మాట్లాడతాడా?"

"నీలాంటివాళ్లు ఇద్దరైతే మేం ఇల్లు వదిలి పారిపోవాలి" అన్నాడు తండ్రి.

"మరి నాకు అయిపోతుందేమో?"

"అయిపోదే, మళ్లీ ఊరుతుంది" అంది గంటక్క. "బావిలో నీళ్లలాగా."

"నొప్పి పుడుతుందా అమ్మమ్మా?"

"పుడుతుంది. నిద్రమందు ఇస్తారు కాబట్టి అప్పుడు తెలియదు. లేచాక నడుము దగ్గర రెండ్రోజులు నొప్పిగా ఉంటుంది." కూతురు అటు తిరిగి ఉంది, కానీ వింటోందని గంటక్కకు తెలుసు. ఈసారి ఆమె ఏదీ దాచలేదు.

వేరే నగరానికి వెళ్లేముందు గంటక్క సెలవు చీటీ ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్లింది. ఎర్రపెన్ను తలదించుకుని కూర్చున్నాడు. బల్ల మీద కొత్త కాగితాలు. వయసును బట్టి ఎంతెంత ఉండాలో డాక్టరు విడిగా పట్టిక రాయించింది. ఆయన చేతిలో పెన్ను లేదు.

"అక్కా, ముప్పై ఏళ్లు గీశాను. గీత పడితే వాళ్లు డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్లు. గీత లేని కాగితాలు నవ్వుతూ చేతికిచ్చి పంపాను. అందులో ఎంతమంది..."

"ఆ లెక్క మనకు దొరకదయ్యా" అంది ఆమె. తన చేతి మీదుగా వెళ్లిన పలకలు గుర్తుకు తెచ్చుకోవాలని ఎన్నో రోజులు ప్రయత్నించింది. నంబర్లే తప్ప పేర్లు ఎప్పుడూ చూడలేదు కదా, ఏ ఒక్కరూ గుర్తుకు రాలేదు.

పిల్లల డాక్టరు ఆమెను గుమ్మం దాకా సాగనంపింది. "ఒక మాట అక్కా. మీ పిల్లవాడి రోజుల్లో తెలిసినా చెయ్యడానికి ఇక్కడ ఏమీ ఉండేది కాదు. అది మీరు నమ్మాలి."

"నమ్ముతానండి. తెలిసుంటే కనీసం టీ పోయించేదాన్ని కాదు" అంది గంటక్క.

నగరంలో ఆసుపత్రికి దగ్గరగా ఒక గది తీసుకున్నారు. బుడ్డోడు గాలిని వడగట్టే గదిలో, వాడితో కూతురు ఒక్కతే. పెద్దదాని నడుము దగ్గర్నుంచి తీసిన మూలుగ సంచిలో ఎర్రగా వచ్చింది, రక్తం ఎక్కించినట్టే ఎక్కించారు. రెండు గంటల్లో అయిపోయింది. అంత పెద్ద పని అంత నిశ్శబ్దంగా జరిగిపోవడం గంటక్కకు వింతగా తోచింది. తరవాత మిగిలింది ఎదురుచూపు. కొత్త కణాలు ఎముకల్లో ఇల్లు చూసుకోవాలి, వేళ్లూనాలి. మధ్యలో ఏ చిన్న జలుబు చేసినా ప్రాణం మీదికి రావచ్చు. రెండో వారంలో జ్వరం వచ్చింది. మూడు రోజులు దిగలేదు. ఆ మూడు రోజులూ అల్లుడు వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోలేదు. నాలుగో రోజు జ్వరం జారింది.

గంటక్క రోజూ పెద్దదాన్ని తీసుకుని వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేది. లోపలికి వెళ్లడానికి వీల్లేదు. అద్దంలోంచి కూతురు కనబడేది, మాస్కు పైన కళ్లు మాత్రం. పెద్దది అద్దానికి ముక్కు ఆనించి తమ్ముడికి కథలు చెప్పేది. వాడికి వినపడదని ఎన్నిసార్లు చెప్పినా, "పెదాలు చూసి నేర్చుకుంటాడు" అనేది. గంటక్క ఏమీ అడిగేది కాదు. రిపోర్టు వచ్చిందా అని కూడా అడిగేది కాదు. అంకెలు ఎవరో ఒకరు చెప్పేదాకా ఊరుకోవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగి అదే మొదలు.

ఏడో వారంలో ఒక మధ్యాహ్నం మూలుగ వైద్యుడు కూతురితో చాలాసేపు మాట్లాడి వెళ్లాడు. కాసేపటికి కూతురు బయటి గదిలోకి వచ్చి, గౌను విప్పి, మాస్కు తీసి, చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చింది. ముఖం మీద మాస్కు అంచు అచ్చు పడి ఉంది. వచ్చి బెంచీ మీద తల్లి పక్కన కూర్చుంది. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి కాదు, ఆనుకుని.

"టి కణాలు వస్తున్నాయమ్మా. చూశారు. పెద్దదానివే. మగపిల్లవాడి రక్తంలో రెండు ఎక్స్‌లున్న కణాలు దొరికాయంటే అవి అక్కవే కదా."

గంటక్క తల ఊపింది.

"ఇంకా నెలలు పడుతుందన్నారు. పూర్తిగా గట్టెక్కాడని ఇప్పుడే అనరట. కానీ పట్టుకున్నాయన్నారు."

పెద్దది అద్దం దగ్గర నేల మీద చతికిలబడి, తెచ్చుకున్న రంగుపెన్సిళ్లు పొడవును బట్టి పేరుస్తోంది. కూతురు దానివైపు చూస్తూ అడిగింది.

"తమ్ముడు ఎలా ఉండేవాడమ్మా?"

గంటక్క తిరిగి చూసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. "పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిదివందలు" అంది. "మూడో నెలలో నాలుగున్నర. ఆ తరవాత తగ్గుతూ..."

"అంకెలు కాదమ్మా. వాడు."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"పాలు తాగేటప్పుడు నా చెవి పట్టుకునేవాడు. చెవి దొరక్కపోతే తాగేవాడు కాదు. నేను తుమ్మితే నవ్వేవాడు. ఉత్తుత్తిగా తుమ్మితే నవ్వేవాడు కాదు, ఎలా తెలిసేదో మరి. నువ్వు వాడి పాదాలకి నీ బొమ్మ చెప్పులు తొడగాలని చూసేదానివి."

"నేనా?"

"నువ్వే. వాడు తన్నేసేవాడు. నువ్వు ఏడ్చేదానివి. వాడు నీ ఏడుపు చూసి ఇంకా తన్నేవాడు."

కూతురు నవ్వబోయి ఆగి, తల తల్లి భుజానికి ఆనించింది. పెద్దది పెన్సిళ్లు వదిలేసి వచ్చి ఇద్దరి మోకాళ్ల మధ్య నిలబడింది.

"ఎవరు తన్నారు? ఎవరిగురించి చెప్పుకుంటున్నారు?"

గంటక్క కూతురివైపు చూసింది. జవాబు కూతురే చెప్పింది.

"మీ మేనమామగురించి."

"నాకు మేనమామ ఉన్నాడా?" అంది పెద్దది కళ్లు పెద్దవి చేసి. "ఎక్కడ? నాకెందుకు చెప్పలేదు?"

"కూర్చో, చెబుతాను" అంది గంటక్క, కొంచెం పక్కకు జరిగి.